చెవి దగ్గర మర్యాదలొద్దు

పోయిన నెల మిర్యాలగూడ నుంచి కోదాడ వస్తున్నాను. బస్సు హుజూర్‌నగర్ దాటాక, ముందు సీట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె, "చెవుల సారు పోయిండట గదనే. ఇగ మా అత్త మిషను ఎవలు జూస్తరో ఏమో" అంది.

"ఏ చెవుల సారు?" అంది రెండో ఆమె.

"గదే, సూర్యాపేటాయన. మొఖం జూడకముందే చెవులు జూస్తడు సూడు, గాయన."

నేను ముందుకు వంగి ఆమె భుజం తట్టాను. "ఎవరు చెప్పారమ్మా మీకు? మొన్నటిదాకా బాగానే ఉన్నాడు గదా మనిషి?"

ఆమె వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. "మొన్నటిదాకా బాగుంటే పోవొద్దా అక్కా?" అంది.

ఎదురు ప్రశ్న వేయడం నా అలవాటు. నాకు ఎవరూ వేయరు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కోదాడ వచ్చేదాకా ఆలోచిస్తే, ఆయన గురించి ఆమె చెప్పిన ఆ ఒక్క ముక్క కంటే బాగా నేను మొదలుపెట్టలేననిపించింది. మొహం కంటే ముందు చెవులు చూసే మనిషి.

ఆయనకు పేర్లు గుర్తుండేవి కావు, చెవులు గుర్తుండేవి. మాస్కులు పెట్టుకుని తిరిగిన రోజుల్లో పక్కింటివాళ్లను కూడా పోల్చుకోలేక జనం తికమక పడుతుంటే, ఆయనకు మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు. "మూతి మూస్కుంటే నాకేంది, చెవి బయటనే ఉన్నది గద" అనేవాడు. ఫోన్లో నంబర్లు కూడా అలాగే దాచుకునేవాడు. మా ఆయన నంబరు 'ఎడమ పెద్దది, కోదాడ' అని ఉండేది. నాది ఏ పేరుతో ఉందో చూపించమని ఎన్నిసార్లు అడిగినా, ఫోను జేబులో పెట్టుకున్నాడే తప్ప చూపించలేదు.

సూర్యాపేట పాత బస్టాండు దగ్గర మేడ మీద ఆయన దుకాణం. బుధవారం కోదాడలో ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చునేవాడు, శనివారం మిర్యాలగూడలో. చెవులు పరీక్ష చేయడం, వినికిడి మిషన్లు పెట్టడం, వాటికోసం చెవి లోపలి అచ్చు తీయడం ఆయన పని. అంతకుముందు ముప్పై ఏళ్లు మైకు సెట్టు నడిపాడు. పెళ్లిళ్లు, ఎలక్షన్లు, వినాయకుడి ఊరేగింపులు, ఏది జరిగినా ఆయన డబ్బాలే. యాభై దాటాక అవన్నీ అమ్మేసి, హైదరాబాదు వెళ్లి ఈ పని నేర్చుకుని వచ్చాడు. ఎందుకు మారారని అడిగితే దాచకుండా చెప్పేవాడు: "ఈ మూడు ఊర్లల్ల చెవుడు సగం నేను పెట్టిందే అమ్మా. పెట్టినోడే తియ్యాలె గద."

గదిలోకి ఎవరొచ్చినా ముందు లేచి ఫ్యాను ఆపేవాడు. మే నెలైనా సరే. ఉడికిపోతున్నాం సారూ అని మొత్తుకుంటే, "చెమటొస్తే తుడుసుకుంటరు, సప్పుడు ఎట్ల తుడుసుకుంటరు?" అనేవాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మనం చెప్పేది మొత్తం అయ్యేదాకా మధ్యలో అడ్డు రాకుండా వినేవాడు. మధ్యలో అడ్డు వచ్చేవాళ్లతో వాదించడం నాకు తెలుసు. రానివాళ్లతో ఎలా వాదించాలో ఆయన్ని చూశాక కూడా నేర్చుకోలేదు.

నా సంగతీ చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మాది కోదాడ హైవే మీద టైర్ల షాపు. బీకాం చదివి కౌంటర్లో కూర్చున్నాను. లారీలవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నా గొంతూ నా నోరూ రెండూ పదునెక్కాయి. ఆ షాపులో టైరు కొనొచ్చు గానీ ఆమెతో బేరమాడొద్దని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

ఏడేళ్ల కింద, మా అత్తగారికి సరిగా వినపడట్లేదని మొదటిసారి ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె చెవులు చూశాడు, పరీక్ష చేశాడు. అయ్యాక ఆమెను వదిలేసి నన్ను అడిగాడు: "మీరు ఈమెతోని దినాం ఎంతసేపు మాట్లాడుతరు?"

"మిషను కావాల్సింది ఆమెకండీ, నాకు కాదు" అన్నాను.

"పెడ్త. పెట్టినంక ఈమె ఏం వినాలె? టీవీనా? టీవీకి మిషనెందుకు, సౌండు పెంచితే అయిపాయె."

నాకు ఒళ్లు మండింది. కోడళ్లకు నీతులు చెప్పడానికి పెట్టారా ఈ దుకాణం అని మొహం మీదే అడిగాను. ఆయనకు కోపం రాలేదు. తల కొంచెం పక్కకు వంచి నా చెవి వైపు చూశాడు. "మంచి చెవి" అన్నాడు. "వాడుతలేరు, అంతే. పనంత నోటికే పెట్టిన్రు."

మిషను పెట్టించి ఇంటికి వచ్చాక, ఆయన మీది కసితో రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట మా అత్తగారి పక్కన కూర్చుని మాట్లాడాను. ఆమె పోయేదాకా ఆ అరగంట తప్పలేదు. ఆయనకు మాత్రం ఆ విషయం చెప్పలేదు. చెబితే ఆయన గెలిచినట్టవుతుంది.

ఆయనకే కొన్ని శబ్దాలు వినపడవని నాకు చాలాకాలం తెలియదు. ముప్పై ఏళ్లు డబ్బాల పక్కన నిలబడ్డ చెవులు మరి. సన్నటి శబ్దాలు పోయాయి. అన్నిటికంటే ముందు 'స' పోయిందట. సూర్యాపేట ఆడవాళ్లు 'సూడు సారూ' అంటే ఆయనకు 'ఊడు ఆరూ' అని వినపడేది. మిగిలింది పెదాలు చూసి పోల్చుకునేవాడు. "మీ కోదాడోళ్లు చూడు అంటరు, జర నయం. చ కు దెబ్బ ఉంటది, వచ్చి తగుల్తది. మా స ఉత్త గాలి" అని ఒకసారి అన్నాడు. సొంత ఊరి యాస సొంత చెవికి అందని మనిషి. ఆ మాట నవ్వుతూనే చెప్పాడు.

ఇక మా సౌమ్య. టైర్ల షాపులో పెరిగిన పిల్ల, పదేళ్లకే పానా పట్టింది. ఇంజనీరింగు చదువుతూ హైదరాబాదులో చిన్న చిన్న కార్టింగు బండ్లు నడపడం మొదలుపెట్టి, చివరికి కోయంబత్తూరు దగ్గర ట్రాకు మీద కార్ల రేసుల్లో దిగింది. నేను వద్దన్నాను. ఆర్నెల్లు వాదించాను. ఓడిపోయాను. ఓడించింది నా కూతురే గదా అని సర్దుకున్నాను.

ఆ పోటీల్లో డ్రైవరు చెవిలో ఇయర్‌పీస్ ఉంటుంది, పైన హెల్మెట్. సీటు పక్కన బిగించిన రిసీవర్ నుంచి ఇయర్‌పీస్‌కు తీగ. మనవాళ్లలో ఒకరు ట్రాకు పక్కన ఎత్తులో నిలబడి మైకులో చెబుతుంటారు: పక్కన కారుంది, ముందు ఎవరో గిర్రున తిరిగి ఆగిపోయారు, ప్రమాదం జెండా ఊపుతున్నారు. లోపల కూర్చున్న పిల్లకు అద్దాల్లో కనిపించేది తక్కువ, చెవితోనే చూడాలి. పైగా అది ఒకవైపు రేడియో. పిల్ల వింటుంది గానీ తిరిగి మాట్లాడలేదు.

"నువ్వు మాట్లాడుతుంటే అది ఎదురు చెప్పలేదు. నీకోసమే కనిపెట్టినట్టుందే ఇది" అన్నాడు మా ఆయన.

కానీ మొదట మైకు పట్టుకున్నది ఆయనే. పాతికేళ్లుగా షాపు ముందు లారీలను వెనక్కి తీయించే మనిషి. బండి కదలాలంటే 'రైట్ రైట్', ఆగాలంటే 'హోల్డాన్'. మన బస్సు కండక్టర్లు అనే మాటలే. ఒక రేసులో, ముందు దారి ఖాళీగా ఉంది, పోవచ్చు అని చెప్పడానికి అలవాటు కొద్దీ "రైట్ రైట్" అన్నాడు. పిల్ల కుడివైపు ఖాళీ ఉందనుకుని కుడికి తిప్పింది. కుడి పక్కన ఇంకో కారు ఉంది. రెండూ రాసుకుని ట్రాకు దిగి మట్టిలో ఆగాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

మా ఆయన మొహం తెల్లబోయింది. "రైట్ అంటే పొమ్మని కాదే?" అని నన్నే అడిగాడు. తెలుగు నేల మీద పుట్టినవాడెవడికైనా రైట్ అంటే పొమ్మనే అర్థం, ఇంగ్లీషువాళ్లకు మాత్రమే కుడి అన్నాను. అప్పటికి అది నవ్వులాట.

వారం తర్వాత సౌమ్య అసలు మాట చెప్పింది. ఆ ఇయర్‌పీసుల్లో ఏదీ సరిగ్గా వినపడట్లేదట. సౌండు చివరిదాకా పెంచి పెట్టుకుందట. రేసయ్యాక రెండు రోజులు ఎడమ చెవిలో గుయ్యిమని మోగుతూనే ఉందట. నేను ఇంకేమీ అడగలేదు. తిన్నగా సూర్యాపేట తీసుకెళ్లాను.

ఆయన ఫ్యాను ఆపాడు. ఏ రిసీవర్ కొనాలో తేల్చమని ఫోన్లో నాలుగు రకాల బొమ్మలు చూపించాను. వాటిని చూడలేదు. మేం ఆన్‌లైన్లో తెప్పించిన ఇయర్‌పీస్ తీసుకుని, దాని కొనకున్న స్పాంజిని వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది అందరి చెవులకు వస్తది" అన్నాడు.

"మంచిదేగా?"

"అందరికి వచ్చేది ఎవ్వలకు సరిగ రాదమ్మా. సందుంటది. సందుల్నించి ఇంజను సప్పుడు జొరవడ్తది. అది జొరవడితే బిడ్డ రేడియో పెంచుతది. ఇంజను ఒక దిక్కు, రేడియో ఒక దిక్కు, నడుమ చెవి ఖతం. రిసీవర్ ఏది గట్టిగ వినిపిస్తదని అడగొద్దు. సందు మూసినంక ఏది చిన్నగ వినిపిస్తదని అడగాలె. ముందుగాల చెవి జూద్దాం పట్టు."

సౌమ్యను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. శబ్దం వినపడినప్పుడల్లా వేలు ఎత్తాలి. బయట బల్ల దగ్గర ఆయన బటన్ నొక్కుతాడు, కాగితం మీద గుర్తు పెడతాడు. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. కుడి చెవి అయింది. ఎడమ చెవి మొదలైంది. వేలు చకచకా లేస్తోంది. పర్వాలేదు, బాగానే ఉంది అనుకున్నాను.

కాసేపటికి ఆయన చేతి వైపు చూశాను. చెయ్యి బటన్ మీద లేదు, మోకాలి మీద ఉంది. లోపల సౌమ్య వేలు ఎత్తింది. ఆయన కదల్లేదు. కొంచెం ఆగి మళ్లీ ఎత్తింది. నేను నోరు తెరవబోతే అరచెయ్యి అడ్డం పెట్టాడు. మూడోసారి ఎత్తింది. అప్పుడు లేచి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, దాని ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు ఏం వినబడ్డది బిడ్డా?"

"సన్నగా... కూత లాగా వినపడింది సార్."

"నేను బటన్ ఒత్తక రెండు నిమిషాలాయె."

పిల్ల తల వంచుకుంది. ఆయన గొంతు పెంచలేదు. "పరేషాన్ గాకు. సూర్యాపేటల సగం మంది ఇట్లనే జేస్తరు. పాపం సారు కష్టపడుతుండు, వినబడలేదంటే బాధపడ్తడని వేలు లేపుతరు. చెవి దగ్గర మర్యాదలొద్దు బిడ్డా. వినబడలేదంటే తప్పు లేదు. వినబడ్డదంటేనే నీకు నష్టం."

"మర్యాద కాదు సార్" అంది సౌమ్య. "అమ్మకు చెప్పకండి. మాన్పించేస్తుంది."

తలుపు తెరిచే ఉంది. అమ్మ వింటూనే ఉంది.

నేనేం మాట్లాడానో రాయను. ఊళ్లో నా గురించి చెప్పుకునేవన్నీ నిజమేనని ఆ రోజు సూర్యాపేట పాత బస్టాండుకు కూడా తెలిసింది. రేసు లేదు, గీసు లేదు, ఆ హెల్మెట్ తీసుకెళ్లి మూసీలో పడేస్తానన్నాను. ఆయన అంతా విని, "అమ్మా, జర బయట కూసోండ్రి" అన్నాడు.

"నా కూతురండీ అది. నేనెందుకు బయట కూర్చోవాలి?"

"అందుకే" అన్నాడు.

వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. పది నిమిషాల తర్వాత ఆయన వచ్చి నాకు రెండు మెట్ల కింద కూర్చున్నాడు. "ఎడమ చెవిల సన్నటి సప్పుడు జర పోయింది. పోయింది మళ్ల రాదు. ఉన్నది నిలుపుకోవచ్చు" అన్నాడు.

"మాన్పించడమే గదా అయితే?"

"మాన్పియ్యుండ్రి, మీ ఇష్టం. గని ఇయ్యాల వేలు లేపింది సూడుండ్రి. మానుమంటే మానదు. ఇంకింత మంచిగ లేపుడు నేర్సుకుంటది. అప్పుడు నాకు గూడ దొరకది."

అరగంట వాదించాను. ఆయన వాదించలేదు. చివరికి మూడు నెలలకోసారి పరీక్ష, ఆయన తీసిన అచ్చు మీద చేసిన ఇయర్‌పీసులే పెట్టుకోవడం, ఆయన పెట్టిన సౌండే తప్ప పెంచకపోవడం, వీటి మీద ఒప్పుకున్నాను. "షరతులన్నీ దానికి బాగా అర్థమయ్యేలా చెప్పండి" అన్నాను.

"బిడ్డకు చెప్పిన. ఇంకొకటున్నది, అది మీకు. వినబడ్తలేదని చెప్పిననాడు కోపం జెయ్యొద్దు."

అది తేలికైన షరతు అనుకున్నాను.

అచ్చు తీయడం చూడాల్సిందే. దారం కట్టిన చిన్న దూది ఉండను చెవి లోపలికి నెట్టి, దాని పైన గులాబీ రంగు ముద్దను పిచికారీతో నింపాడు. అది గట్టిపడటానికి ఐదు నిమిషాలు. నోరు కదపకూడదేమోనని సౌమ్య బిగుసుకుని కూర్చుంది. ఆయన "మాట్లాడు" అని చేత్తో సైగ చేశాడు. దవడ కదిలితే చెవి లోపలి దారి ఆకారం మారుతుందట. నోరు మూసుకుని తీసిన అచ్చు నోరు తెరవగానే సందు ఇస్తుందట. రేసులో పిల్ల పళ్లు బిగిస్తుంది, కేకలు పెడుతుంది, అప్పుడూ అది కదలకూడదు.

"ఏం మాట్లాడాలి సార్?" అంది, ఆయన సైగ పోల్చుకుని.

ఆయన కాగితం మీద రాసి చూపించాడు: 'అమ్మతో కొట్లాడు. దవడ మంచిగ కదులుతది.'

కొట్లాడాం. ముద్ద నిండిన ఆ చెవులతో నేననేది దానికి సరిగా వినపడదు, అది ఎంత గట్టిగా అరుస్తోందో దానికే తెలియదు. కింద మిర్చి బజ్జీల బండి దగ్గరున్నవాళ్లు తలలెత్తి చూశారు. ఐదు నిమిషాలయ్యాక ఆయన గడియారం చూసి, "చాలు చాలు, మస్తుగ వచ్చింది" అన్నాడు. ఇంకా అవలేదన్నాను. "అయితే ఉండుండ్రి, హెల్మెట్ పెట్టి ఇంకోటి తీస్త. బుగ్గలు ఒత్తుకుంటే చెవి మళ్ల మారుతది" అన్నాడు. రెండో విడత కొట్లాటకు మా దగ్గర విషయం మిగల్లేదు గానీ ఎలాగో లాగించాం.

ఇయర్‌పీసులు తయారై వచ్చాక ఒక శనివారం మిర్యాలగూడ రమ్మన్నాడు. అక్కడ ఒక రైసుమిల్లు యజమాని ఆయన దోస్తు. ఆ మిల్లు పనివాళ్లందరికీ చెవుల్లో పెట్టుకునే బిళ్లలు ఆయనే చేసిచ్చాడు. బియ్యం పాలిషు పట్టే మిషను పక్కన కుర్చీ వేసి సౌమ్యను కూర్చోబెట్టాడు. చెవుల్లో ఇయర్‌పీసులు, నెత్తిన హెల్మెట్, ఒళ్లో కాగితం, పెన్ను. తవుడు ఊడుస్తున్న ఆమె చీపురు ఆపి, "ఏందమ్మా, చంద్రమండలం పోతున్నవా?" అంది. ఆ రొదలో పాపం సౌమ్యకు అది కూడా వినపడలేదు. అంటే సందు బాగానే మూసుకుందన్నమాట.

మూడు రిసీవర్లు తెప్పించి పెట్టుకున్నాడు. మొదటిదానికి తెరా, బోలెడు బటన్లూ ఉన్నాయి. సౌమ్య గ్లౌజు తొడుక్కుని నొక్కబోతే రెండేసి బటన్లు నొక్కుకుపోయాయి. అది పక్కన పెట్టాడు. రెండోది అన్నిటికంటే గట్టిగా మోగేది. నేను దానికే ఓటు వేశాను. "ఇది మీ లెక్క అరుస్తది" అని అదీ పక్కన పెట్టాడు. మూడోది చూడ్డానికి పాత ట్రాన్సిస్టరు ముక్కలా ఉంది. ఒక స్విచ్చి, సౌండుకు ఒక మర. తీగ మొదట్లో పట్టుకుని ఎంత ఊపినా గరగరమనలేదు. అరచేతిలో వేసి కొట్టినా మాట తెగలేదు. అదే ఖాయం చేశాడు. సౌమ్య మాటలు పోల్చుకోగలిగినంత వరకు మర తిప్పి, జేబులోంచి తన మనవరాలి గోళ్ల రంగు సీసా తీసి అక్కడ ఒక ఎర్ర చుక్క పెట్టాడు. "ఇది దాటొద్దు."

తర్వాత గొంతుల పరీక్ష. మా ఆయన మైకులో చెప్పిన పది మాటల్లో సౌమ్య నాలుగు రాసింది. "మీది బొంగురు గొంతు, మిల్లుల కలిసిపోతది" అని మైకు నాకిచ్చాడు. నావి తొమ్మిది రాసింది.

"ఈమెది కోస్తది" అన్నాడు మెచ్చుకుంటూ.

"పాతికేళ్లుగా నేను మొత్తుకునేది అదే సార్" అన్నాడు మా ఆయన.

మాటలు ఏవి వాడాలన్నది మిగిలింది. 'రైట్' అన్న మాట జన్మలో రేడియోలో వినపడకూడదని ముందే తేలిపోయింది. నేను పెద్ద కనిపెట్టినట్టు, అరక కట్టేటప్పుడు ఎడమ ఎద్దును దాపట, కుడి ఎద్దును వలపట అంటారు గదా, అచ్చమైన మన మాటలు, అవి వాడదామన్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. "చెప్పుండ్రి" అన్నాడు. మైకులో మార్చి మార్చి ఆరుసార్లు చెప్పాను. సౌమ్య కాగితం తెచ్చి చూపించింది. 'పట. పట. పట. పట. పట. పట.'

"ఎద్దులకు ఇంజనుండదు గదమ్మా" అన్నాడు ఆయన.

రొదలో అక్షరాలు మిగలవని, మాటకు ఎన్ని దెబ్బలున్నాయి, నోరు ఎంత తెరుచుకుంది అన్నవి మాత్రమే మిగులుతాయని అప్పుడు చెప్పాడు. ఎడమకు మూడు దెబ్బలు, కుడికి రెండు. ఆగమనడానికి నోరు బాగా తెరుచుకునే 'ఆగాగు'. దారి ఖాళీగా ఉంటే సాగదీసి 'పోనీ'. ప్రమాదం ఉంటే 'జెండా'. ఐదు మాటలు. పిల్ల పేరు పిలవకూడదు. పేరులో మొదటి అక్షరం ఎలాగూ గాలి.

నేను ఆరో మాట రాశాను: 'జాగ్రత్త'. ఆయన దాన్ని కొట్టేశాడు.

"ఇదెందుకు కొట్టేశారు?"

"జాగ్రత్త అంటే బిడ్డ ఏం జెయ్యాలె? ఎడమకు పోవాల్నా, కుడికి పోవాల్నా, ఆగాల్నా?"

"జాగ్రత్తగా ఉండాలి."

"అది మీకోసం అనుకునే మాటమ్మా. మీరు మీలోనే అనుకోండ్రి, మైకు బంద్ చేసి."

తల్లిని ఐదు మాటలకు కుదించిన మనిషి ఆయన. ఆ తర్వాతి రేసులో నేనే మైకు పట్టుకున్నాను. పన్నెండు చుట్లు, ఐదు మాటలు. ఆరో మాట పళ్ల మధ్యే ఉండిపోయింది. ఏడో చుట్టులో మలుపు అవతల రెండు కార్లు గుద్దుకుని అడ్డం తిరిగాయి. సౌమ్యకు అవి కనిపించే వీలు లేదు. "జెండా! ఆగాగు! ఆగాగు!" అన్నాను. కారు నెమ్మదించింది. "ఎడమ" అన్నాను. ఎడమ నుంచి దాటుకుని పోయింది. పదకొండో స్థానంలో వచ్చింది. ఆయన ఫోన్ చేసి ఎన్నో స్థానమో అడగలేదు. "చెవిల గుయ్యి ఉన్నదా?" అని అడిగాడు. లేదంటే పెట్టేశాడు.

రెండేళ్లు అలా నడిచింది. మూడు నెలలకోసారి సూర్యాపేట మెట్లు ఎక్కాం. పరీక్ష కాగితం మీద ఎడమ చెవి గీత మొదటిసారి ఎక్కడుందో అక్కడే ఉంటూ వచ్చింది. ఆ గీతను ఆయన వేలితో తడిమి చూసుకునేవాడు, కాగితంలో దిగిపోయిందేమోనన్నట్టు.

ఈ ఏడాది ఆఖరి రేసుకు సౌమ్య ముందు వరసలో నిలబడే అర్హత సంపాదించింది. ఇన్నేళ్లలో మొదటిసారి. తెల్లారి ప్రాక్టీసులో రెండు చుట్లు తిరిగి లోపలికి వచ్చేసింది. ఎడమ ఇయర్‌పీస్ తీగ కలిసే చోట చీలింది. అతికిస్తే ఆగలేదు. సంచి అడుగున పాత స్పాంజివి ఉన్నాయి. నేనే తీసి ఇచ్చాను. "ఇవి పెట్టుకో. సౌండు కొంచెం పెంచుకో. ఈ ఒక్కసారికి" అన్నాను.

అవును, నేనే అన్నాను. మాన్పిస్తానని మెట్ల మీద కూర్చుని గొడవ చేసిన మనిషినే. ముందు వరసలో మా కారు నిలబడి ఉండటం చూశాక నాకు ఇంకేమీ కనపడలేదు.

సౌమ్య అవి పెట్టుకుని ఇంకో చుట్టు తిరిగి వచ్చింది. కారు ఆపి, హెల్మెట్ తీసేసింది. "నాకు వినపడట్లేదమ్మా. నేను దిగను" అంది.

కోప్పడ్డాను. షరతు గుర్తుంది, అయినా కోప్పడ్డాను. ఇంత దూరం వచ్చి, ఇంత కష్టపడి అని మొదలుపెట్టి చాలా అన్నాను. అది నిలబడి అంతా వింది. మళ్లీ "వినపడట్లేదు" అంది. అంతే.

దాని మీద చెల్లని కోపం ఆయన మీదికి తిప్పాను. అక్కడినుంచే ఫోన్ చేసి, అచ్చు నాసిరకంగా చేయించారని చెడామడా తిట్టాను. ఫోన్లో ఆయనకు 'స'లు వినపడవు గానీ తిట్లలో అవి తక్కువే. ఎప్పటిలాగే మొత్తం అయ్యేదాకా విన్నాడు.

"వినబడ్తలేదని ఎవలు చెప్పిన్రు? మీరా, బిడ్డనా?"

"అదే చెప్పింది."

"మీరు అడిగితేనా?"

"నేను దిగమన్నాను. అదే హెల్మెట్ తీసేసింది. ముందు వరసండీ! మొదటిసారి!"

లైను పోయిందేమోనని హలో హలో అన్నాను.

"ఉన్న, ఉన్న" అన్నాడు. "బిడ్డ వేలు లేపలే. ఇగ మీకు నాతోని పని లేదమ్మా."

"పనెందుకు లేదు? కొత్త అచ్చు ఎవరు తీస్తారు?" అని కసిరాను.

"అచ్చుదేమున్నది" అన్నాడు, "ఎవలన్న తీస్తరు."

నిజమే. పోయిన వారం హైదరాబాదులో ఒకతను తీశాడు. బాగానే కుదిరింది.